గబర్‌కీ గాబరాకీ చుట్టరికం ఉందా?

సందేహం: నెదర్లాండ్స్‌లో ‘గాబర్’ అనే డాన్స్ మ్యూజిక్ ఉందట. వింటే గుండె దడదడలాడింది. మన ‘గాబరా’కి ఇదే మూలమా? కొందరు గ్యాబర్ అనీ, కొందరు హాబర్ అనీ అంటున్నారు. ఏది రాయాలి?

సమాధానం: పోలిక చెవికి మాత్రమే. మన గాబరా హిందీ ‘ఘబ్‌రానా’, మరాఠీ ‘ఘాబర్‌ణే’ల కుటుంబంలోది. తెలుగు నోట ‘ఘ’ తేలికపడి ‘గ’ అయింది. డచ్ మాటకు అర్థం దోస్తు. హీబ్రూలో సహచరుణ్ని ‘హవేర్’ అంటారు. అది యూదుల యిడ్డిష్ భాష మీదుగా ఆమ్‌స్టర్‌డామ్ వీధి భాషలో చేరింది.

తమాషా ఏమిటంటే, పేరు ఆమ్‌స్టర్‌డామ్‌దైనా పాట దాని ప్రత్యర్థి నగరం రోటర్‌డామ్‌ది. 1990లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలైన కరకు టెక్నోని (యంత్రాలతో చేసే డాన్స్ మ్యూజిక్‌ని) ఈ ఓడరేవు కుర్రాళ్లు అందుకుని ఇంకా ముదరబెట్టారు. పార్క్‌జిఖ్ట్ క్లబ్బు వాళ్ల అడ్డా. డీజే పాల్ ఎల్‌స్టాక్ 1992లో రోటర్‌డామ్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ పెట్టాడు. మామూలు హౌస్ మ్యూజిక్‌లో నిమిషానికి 120–130 దెబ్బలుంటే, ఇందులో 150 నుంచి 190, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అయినా వేగం ఒక్కటే దీని గుర్తు కాదు. రోలాండ్ 909 డ్రమ్ మెషీన్‌లోని కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) శబ్దాన్ని హద్దు మీరి పెంచితే అది చిరిగి బొంగురుపోయి, ఒక స్వరంలా మోగుతుంది. డ్రమ్మే పల్లవి పాడుతుందన్నమాట! నన్నడిగితే గబర్ కిటుకంతా అక్కడే ఉంది. దీనికి వేసే చకచకా అడుగుల డాన్సు పేరు ‘హకెన్’, అంటే నరకడం.

1990ల నడుమ ఇందులోంచే పిల్లల పాటల్లాంటి హుషారు బాణీలతో ‘హ్యాపీ హార్డ్‌కోర్’ వచ్చి రేడియోకెక్కింది. అది నచ్చని మొండిఘటాలు ఇంకా కరకైన టెర్రర్‌కోర్, స్పీడ్‌కోర్ బాణీల వైపు నడిచారు. స్పీడ్‌కోర్‌లో దెబ్బలు 300 దాటడమూ మామూలే.

ఇక రాత సంగతి. డచ్ ‘గ’ గొంతులో గీరుకుంటూ వస్తుంది. హైదరాబాదు ఉర్దూలో ‘ఖబర్’ అనేటప్పటి మొదటి అక్షరం దానికి దగ్గర. ‘హాబర్’ అని వినబడేది అందుకే. గ్యాబర్ ఇంగ్లిష్ వాళ్ల పలుకుబడి. డచ్‌లో మొదటి అచ్చు హ్రస్వం కాబట్టి ‘గాబర్’కి దీర్ఘం అక్కర్లేదు. ‘గబర్’ అని రాయండి, ఆ అభిమానుల్ని ‘గబర్లు’ అనండి. ‘బ’కి ఒత్తు మాత్రం పెట్టకండి, సినిమా డాకు గుర్తొస్తాడు.