ఆల్బమ్‌కి డబ్బివ్వాలా, డిప్లొమాలో చేర్చాలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి బీఈ ఆఖరి సంవత్సరం. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది. మూడేళ్లుగా కాలేజీ బ్యాండ్‌లో ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన పాటలు, మధ్యలో మారే తాళాలతో సాగే రాక్) పాడుతోంది. ఇప్పుడు ఆరు పాటల సోలో ఆల్బమ్ చేసి తనే విడుదల చేసుకుంటానని 3 లక్షలు అడుగుతోంది. అందులో ఒక పాటే 14 నిమిషాలు! దానికంటే ఏడాది సౌండ్ ఇంజనీరింగ్ డిప్లొమా నయం కదా? కనీసం సర్టిఫికెట్ వస్తుంది. పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: మీరడిగింది ఆల్బమా, డిప్లొమానా అని. మీ గుబులు మాత్రం చేతికొచ్చిన ఉద్యోగం జారిపోతుందేమోనని. ముందు ఆ భయం వదలండి. ఆరు పాటలకి ఉద్యోగం మానక్కర్లేదు. బెంగళూరులోనే పుట్టిన, కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపే ఆగం బ్యాండ్ 2003లో మొదలై, తొలి ఆల్బమ్ 2012లో తెచ్చింది. ఉద్యోగాలు చేసుకుంటూనే వాయించారు వాళ్లు. మీ అమ్మాయికి పరీక్షలయ్యాక జాయినింగ్ దాకా దొరికే రోజులు రికార్డింగ్‌కి చాలు. మిక్సింగ్, అంటే రికార్డు చేసిన గొంతునీ వాద్యాల్నీ కలిపి సరిచేసే పని, శని, ఆదివారాల్లో సాగుతుంది. ఆఫర్‌తో వచ్చే ఒప్పందంలో బయటి ఆదాయం, హక్కుల గురించిన క్లాజులు మాత్రం చదవమనండి. పాటలు తనవేనని చేరకముందే హెచ్‌ఆర్ నుంచి మెయిల్ తీసుకోవాలి.

డిప్లొమా సంగతి. ఈ మధ్య ఇదో మోజు అయిపోయింది, నాకైతే నమ్మకం తక్కువ. ఆ కోర్సు సౌండ్ కన్సోల్ వెనక గంటలకొద్దీ కూర్చునేవాళ్లని తయారుచేస్తుంది. డబ్బింగ్ ఎడిటింగ్, లైవ్ సౌండ్, రాత్రి షిఫ్టులు – అవి ఇష్టమైన పిల్లలకి మంచి దారే. మీ అమ్మాయి పాడతానంటోంది. కోర్సు అడిగింది మీరు, తను కాదు. నలుగురికీ చూపించడానికి ఒక కాగితం కావాలని పిల్ల ఏడాదినీ, ఇంకొన్ని లక్షల్నీ పణంగా పెడతారా? సర్టిఫికెట్ చూసి ఎవరూ పాట వినరండీ. ఇంతకీ ఆ 14 నిమిషాల పాట మీరు ఒక్కసారైనా పూర్తిగా విన్నారా?

ఆల్బమ్ మీదా నాకు భ్రమల్లేవు. బ్రిటిష్ రాక్ బ్యాండ్ మారిలియన్ మాజీ గాయకుడు ఫిష్ 2020లో తన చివరి స్టూడియో ఆల్బమ్‌ని సొంతంగానే తెచ్చాడు. అప్పటికే మూడు దశాబ్దాలకు పైగా కూడగట్టుకున్న శ్రోతలు వెనక ఉన్నారు. మీ అమ్మాయికి ఇంకా లేరు కాబట్టి పెట్టిన డబ్బు తిరిగొస్తుందని లెక్కేయకండి. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒక స్ట్రీమ్. 14 నిమిషాల పాటకీ రెండు నిమిషాల పాటకీ లెక్క ఒకటే. పన్నెండు నెలల్లో 1000 స్ట్రీములు దాటని పాటకి పైసా రాదు. అలాగని పెద్ద పాటని ముక్కలు చేయమనను. చిన్నవి రెండు ముందు సింగిల్స్‌గా, అంటే విడి పాటలుగా, వదలమనండి.

డబ్బు ఎక్కువగా పాడయ్యేది డ్రమ్స్ దగ్గర. పాట తాళం 7/8 నుంచి 4/4కి మారే ప్రతి చోటా క్లిక్ ట్రాక్‌లో (వాయించేవాళ్లకి చెవిలో తాళం వినిపించే టిక్ టిక్) టెంపో మ్యాప్, అంటే వేగం, తాళం ఎక్కడెక్కడ మారతాయో చూపే పటం, ముందే గీసి ఉండాలి. అది లేకుండా స్టూడియోకి వెళ్తే తర్వాత ఎడిటింగ్‌లో ఒక్క బార్ (తాళం ఆవర్తనం) కూడా కంప్యూటర్‌లోని గ్రిడ్ గీతల మీద కూర్చోదు, అద్దె మళ్లీ కట్టాలి. గైడ్ వోకల్ (దారి చూపడానికి పాడిన నమూనా గొంతు), చార్టు (పాట భాగాల వరస రాసిన కాగితం) వారం ముందే డ్రమ్మర్‌కి పంపాలి.

గొంతు ఇంట్లోనే రికార్డు చేసుకోవచ్చు. బట్టల బీరువా తెరిచి, దాని ఎదుట, మైక్‌కి జానెడు దూరంలో నిలబడాలి. ఫ్యాన్ ఆపాలి. ఫ్రిజ్ ప్లగ్ తీసేయాలి. అపార్ట్‌మెంట్ జనరేటర్ మోగని, రోడ్డు సద్దుమణిగిన వేళ చూసుకోవాలి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్ ఎంచుకుని, పీకులు (శబ్దం అత్యధికంగా లేచే చోట్లు) మైనస్ 12 – మైనస్ 6 డీబీ మధ్య ఉంచాలి. రోజుకి మూడు గంటలకి మించి పాడనివ్వకండి. అలసిన గొంతుతో తీసిన హార్మనీలు మర్నాడు తీసేయాల్సిందే. టైల్స్ గదిలో పాడితే వచ్చే ప్రతిధ్వనిని మిక్సింగ్‌లో శుభ్రంగా తీయడం దాదాపు అసాధ్యం. మాస్టరింగ్‌లో (విడుదలకి ముందు పాటకి చేసే చివరి మెరుగు) శబ్దం పెంచి నొక్కేయొద్దు. స్పాటిఫై మామూలుగా శబ్దాన్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే బిగ్గరితనం కొలత) దగ్గరికి దించేస్తుంది, ఈ సంగీతానికి ప్రాణమైన ఎత్తుపల్లాలు మాత్రం పోతాయి.

బ్యాండ్‌మేట్లతో కలిసి కట్టిన పాటలుంటే ఎవరి వాటా ఎంతో ఇప్పుడే కాగితం మీద సంతకాలు చేయించండి. లేకపోతే విడుదల రోజే గొడవ. రాత, స్వరం తనవైన పాటలకి ఐపీఆర్‌ఎస్ (రచయితలు, స్వరకర్తల రాయల్టీలు వసూలు చేసే సంస్థ) సభ్యత్వం తీసుకోమనండి. పాటల్ని స్పాటిఫై లాంటి చోట్లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి విడుదలకి నాలుగు వారాల ముందు ఫైళ్లు ఇవ్వాలి, ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగ్‌కీ ఉండే గుర్తింపు సంఖ్య) వాళ్లే ఇస్తారు. ఇన్ని వేల స్ట్రీములు తెస్తామనేవాళ్లకి రూపాయి ఇవ్వకండి. దొంగ స్ట్రీములు బయటపడితే పాటనే తీసేస్తారు. వీడియో ఈ బడ్జెట్‌లో వద్దే వద్దు.

3 లక్షలూ ఒకేసారి చేతిలో పెట్టకండి. టెంపో మ్యాప్‌లు సిద్ధమై డ్రమ్స్ తేదీ కుదిరాక ఒక లక్ష, గొంతు టేకులన్నీ అయ్యాక మిక్సింగ్‌కి రెండోది, మిక్స్‌లు తనకి నచ్చాక మాస్టరింగ్‌కీ మిగతావాటికీ మూడోది ఇవ్వండి.