సైనస్‌కి తేనెటీగ విషం జెల్, అల్ట్రాసౌండ్: అమ్మకి ముందు ఎలర్జీ టెస్ట్ చేయించండి

అమ్మకి పదేళ్లుగా సైనస్ ఉందని, తేనెటీగ విషం ఉన్న జెల్ రాసి పైన అల్ట్రాసౌండ్ పెట్టించవచ్చా అని అడిగారు. ఇందులో రెండు వేర్వేరు వైద్యాలున్నాయి. ఒకటి నేను చేయించుకున్నాను. రెండోదాని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

చలికాలం వస్తే నాకు బుగ్గ ఎముకల దగ్గర ఒకటే బరువు, తల వంచితే పోటు. ఈఎన్‌టీ డాక్టర్ మందులతో పాటు అల్ట్రాసౌండ్ రాశారు. స్కానింగ్ మిషన్ కాదు, ఫిజియోథెరపీలో నొప్పులకి పెట్టేది. చల్లటి జెల్ పూసి ముక్కు పక్కన ప్రోబ్‌ని గుండ్రంగా తిప్పుతారు. ఒకేచోట ఆపితే ఎముక చురుక్కుమంటుంది. మూడో రోజు పడుకుని ఉండగానే గొంతులోకి చిక్కటి కఫం జారి, కుడి ముక్కులో గాలి ఆడింది. నార్వేలో 48 మంది మీద చేసి 2010లో ప్రచురించిన పరీక్షలో కూడా, నాలుగో రోజుకి ముక్కు చుట్టూ నొప్పి అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ వాడినవాళ్లకంటే అల్ట్రాసౌండ్ వాళ్లకే ఎక్కువ తగ్గింది. అయితే అది కొత్తగా వచ్చిన సైనస్ ఇన్ఫెక్షన్ మీద. అమ్మది పదేళ్ల సమస్య, అంత ఆశ పెట్టుకోకండి.

ఆ ఊపులో విషం జెల్ కూడా ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఫిజియో అమ్మాయి "నేను పూయను సార్, ముందు ఎలర్జీ డాక్టర్‌ని కలవండి" అంది. ఆమెకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఎప్పుడైనా తేనెటీగ కుట్టిందా అని డాక్టర్ అడిగితే, చిన్నప్పుడు మామిడితోటలో కుట్టి చెయ్యి మోచేతి దాకా వాచిన సంగతి గుర్తొచ్చింది. ముంజేతి మీద విషం చుక్క వేసి సూదితో గుచ్చారు. పావుగంటలో ఎర్రటి దద్దురు లేచింది. జెల్ పారేశాను.

ఎండబెట్టిన తేనెటీగ విషంలో దాదాపు సగం మెలిటిన్ అనే పదార్థమే. వాపు తగ్గిస్తుందని చెప్పేది ఎక్కువగా దాని గురించే. కానీ అదే విషంలో ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైమ్ కూడా ఉంటుంది, ఎలర్జీకి ముఖ్య కారణం అదే. పైగా ఇలాంటి జెల్ మీద అల్ట్రాసౌండ్ పెట్టేదే మందుని చర్మం లోపలికి పంపడానికి. అందుకే దాన్ని పూత మందు అనుకోకుండా ఇంజెక్షన్‌లా చూడండి. స్పెయిన్‌లో ఒకావిడ రెండేళ్లు నెలనెలా తేనెటీగలతో కుట్టించుకుంది, ఏమీ కాలేదు. తర్వాత ఒక సెషన్‌లో ఒక్క కాటుకే ఎలర్జీ వచ్చి, కొన్ని వారాలకి చనిపోయింది. 2018లో డాక్టర్లు ఆ కేసు ప్రచురించారు. తీవ్రమైన ఎలర్జీ వస్తే వెంటనే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ సిద్ధంగా లేని చోట అమ్మ మీద విషం ప్రయోగించనివ్వకండి.

ఇంకొకటి, అమ్మ బీపీకి ఏ మాత్ర వేసుకుంటున్నారో చూడండి. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటివైతే రియాక్షన్ వచ్చినప్పుడు అడ్రినలిన్ సరిగ్గా పనిచేయకపోవచ్చు. ఆ చీటీ డాక్టర్‌కి తప్పకుండా చూపించండి.