పాఠకుల ప్రశ్నలు: హ్యాండ్‌గార్డ్ గొట్టం బరువు తగ్గించడం

ప్రశ్న: నా ఏఆర్-15 తరహా టార్గెట్ రైఫిల్‌కి హెవీ బ్యారెల్, దాని చుట్టూ అల్యూమినియం ఫ్రీ ఫ్లోట్ (బ్యారెల్‌ను తాకకుండా నిలిచే) హ్యాండ్‌గార్డ్ గొట్టం ఉన్నాయి. నిలబడి కాల్చేటప్పుడు ముందు భాగం కిందికి లాగుతోంది. గొట్టానికి రంధ్రాలు వేస్తే ఎంత తగ్గుతుంది?

జవాబు: అనుకున్నంత తగ్గదు. బయటి వ్యాసం 50 మి.మీ., గోడ మందం 3 మి.మీ., పొడవు 300 మి.మీ. ఉన్న గొట్టం దాదాపు 360 గ్రాములు తూగుతుంది. 12 మి.మీ. రంధ్రం ఒక్కోదానితో పోయేది 0.9 గ్రాము. 60 రంధ్రాలు వేస్తే 55 గ్రాములు. 24 మి.మీ. లావున్న స్టీలు బ్యారెల్‌ అయితే 100 మి.మీ. ముక్కే సుమారు 335 గ్రాములుంటుంది. అసలు దోషి బ్యారెల్ అన్నమాట. పైగా నిలబడి కాల్చేవాళ్లలో చాలామంది ముందు బరువే కావాలంటారు, తుపాకి అంతగా ఊగదని.

అయినా తీయాలనుకుంటే ముందు కొసన తీయండి. బ్యాలెన్స్ పాయింట్‌కి 300 మి.మీ. దూరంలో తగ్గిన 20 గ్రాములు, 100 మి.మీ. దూరంలో తగ్గిన 60 గ్రాములతో సమానం.

ప్రశ్న: రంధ్రాలు ఎక్కడ, ఎలా వేయాలి?

జవాబు: మ్యాగజీన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, గొట్టాన్ని రైఫిల్ నుంచి పూర్తిగా విప్పండి. బ్యారెల్ మీద ఉండగా డ్రిల్ పెట్టొద్దు. పోటీలకు వెళ్లేవారు ముందే నిబంధనలు చదువుకోవాలి.

157 మి.మీ. వెడల్పు కాగితాన్ని 8 భాగాలు చేసి గీతలు గీసి గొట్టానికి చుట్టండి. వరుసకీ వరుసకీ మధ్య 19.6 మి.మీ. వస్తుంది. వరుసలో రంధ్రాల కేంద్రాల మధ్య 23 మి.మీ. ఉంచి, పక్క వరుసను సగం జరపండి. ఏ రెండు రంధ్రాల మధ్యా 10 మి.మీ.కి తక్కువ కాకుండా లోహం మిగులుతుంది. రైఫిల్‌కి బిగించే మర ఉన్న కొస నుంచి 50 మి.మీ. ముట్టుకోవద్దు. స్లింగ్ (తుపాకి పట్టీ) బిగించే కింది వరుసను వదిలేయండి, లాగుడంతా అక్కడే పడుతుంది. పై వరుస కూడా వద్దు: వేడి గాలి అందులోంచి లేచి స్కోప్ ముందు బొమ్మను అలల్లా ఆడిస్తుంది. మిగిలిన 6 వరుసల్లో పదేసి రంధ్రాలు పడతాయి.

గొట్టం లోపల బిగుతుగా పట్టేలా కర్రను లేత్ మీద గుండ్రంగా తీసి దూర్చండి. ఇది లేకుండా వైస్‌లో బిగిస్తే గొట్టం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. వి-బ్లాక్ (వి ఆకారపు గాడి ఉన్న దిమ్మె) మీద పెట్టి, సెంటర్ పంచ్ గుర్తు మీద మొదట 3 మి.మీ. బిట్, తర్వాత 8, ఆఖరున 12 వాడండి. పెద్ద బిట్ నేరుగా దించితే పలచని గోడను ఒక్కసారిగా పట్టి చింపుతుంది. 12 మి.మీ. హైస్పీడ్ స్టీల్ బిట్‌కి నిమిషానికి 1500 చుట్లు చాలు. కిరోసిన్ చుక్కలు వేస్తూ ఉండాలి, లేదంటే అల్యూమినియం బిట్ గాడిలో అతుక్కుపోయి రంధ్రం గరుకుగా, పెద్దదిగా వస్తుంది. డెప్త్ స్టాప్ పెట్టి కర్రలోకి కాస్త దిగగానే ఆపండి, అవతలి గోడకు చేరకూడదు.

అంచులు రెండువైపులా అర మి.మీ. మేర వాలుగా తీయండి. పదునైన అంచు నుంచే పగులు మొదలవుతుంది. లోపల లేచిన రేకును అర్ధచంద్రాకారపు ఆకురాయితో గీకి, రజనంతా కడిగేయండి. ఒక్క రేకు బ్యారెల్ పైన ఉండే గ్యాస్ ట్యూబ్‌కి తగిలినా గొట్టాన్ని ఫ్రీ ఫ్లోట్‌గా పెట్టుకున్న లాభం పోతుంది. బిగించాక స్లింగ్‌ను కాల్చేటప్పుడు లాగినంత గట్టిగా లాగి, బ్యారెల్‌కీ గొట్టానికీ మధ్య కాగితం పట్టీని ఈ కొస నుంచి ఆ కొస దాకా జరపండి. ఎక్కడా ఆగకూడదు.

ప్రశ్న: లేత్ మీద గోడను పలచన చేస్తే?

జవాబు: 200 మి.మీ. పొడవున బయటి నుంచి 1 మి.మీ. మందం తీస్తే 83 గ్రాములు పోతాయి. రంధ్రాలన్నింటికంటే ఎక్కువే. కానీ ఆ భాగంలో వంగకుండా నిలిచే దృఢత్వం 38 శాతం పడిపోతుంది. బిగుతు స్లింగ్ లేదా బైపాడ్ (రెండు కాళ్ల ఆధారం) వాడేవాళ్లకి ఇది వద్దు. ముందు భాగాన్ని ఇసుక సంచి మీద ఆనించి కాల్చేవాళ్లకైతే ఫరవాలేదు.

ప్రశ్న: మళ్లీ అనోడైజ్ (విద్యుత్తుతో అల్యూమినియం మీద గట్టి ఆక్సైడ్ పూత) చేయించాలా?

జవాబు: అక్కర్లేదు. పాత పూతను కాస్టిక్ సోడాతో తీసేటప్పుడు లోహం కూడా కొంత కరిగి, మర వదులవుతుంది. రంధ్రాల అంచులకు అల్యూమినియంకి పట్టే నల్ల రంగు పూస్తే చాలు.

ప్రశ్న: కార్బన్ ఫైబర్ గొట్టానికీ ఇలాగే వేయొచ్చా?

జవాబు: వద్దు. బిట్ బయటికి వచ్చే చోట పొరలు విడిపోతాయి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. అది ఎలాగూ తేలికే.