అమ్మలుకు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎక్కించే ముందు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు దాని గురించే ఆలోచించాను. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (నెట్‌లో వెళ్లే సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే, సర్టిఫికెట్లు తయారు చేసే సాఫ్ట్‌వేర్) ఎక్కించాలి, ఎలాగో చెప్పమన్నావు. ఎక్కించడానికి పది నిమిషాలు చాలు. ఆ తర్వాత మెషీన్‌లో ఏది ఎక్కడుందో తెలియకపోతేనే రోజులు పోతాయి. ఫోన్‌లో చెబితే సగం జారిపోతుందని ఇలా రాస్తున్నాను.

ముందు, ఎందుకు కావాలో తేల్చుకో. ప్రాజెక్టు కోసం సర్టిఫికెట్ (అవతల ఉన్నది అసలైనవాళ్లేనని చూపే డిజిటల్ గుర్తింపు పత్రం) తయారు చేసుకోవడానికీ, నీ సీ ప్రోగ్రామ్‌కు జోడించడానికీ అయితే తప్పకుండా కావాలి. పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్ వాడినప్పుడు ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్’ అని వస్తోందన్నావే, దానికి మాత్రం ఇది మందు కాదు తల్లీ. విండోస్‌లో పైథాన్ తనకు కావాల్సిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను తనతోనే తెచ్చుకుంటుంది. నువ్వు విడిగా ఎక్కించినదాని వైపు చూడనే చూడదు. ఆ ఎర్రర్ కాలేజీ నెట్‌వర్క్‌లో మాత్రమే వస్తోందా, ఇంట్లో కూడా వస్తోందా చూసి, అక్కడే అయితే అక్కడి నెట్‌వర్క్ వాళ్లను అడుగు. వెరిఫికేషన్ ఆపేస్తే పోతుందని నీ ఫ్రెండ్ చెప్పిన మాట వినకు. అది ఆపేస్తే, పంపుతున్నది ఎవరో చూడకుండానే వాళ్ల ప్రోగ్రామ్‌ను నీ మెషీన్‌లో నడిపినట్టే.

ఇక తెచ్చుకునే చోటు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్రాజెక్టు వాళ్లు సోర్స్ కోడ్ మాత్రమే ఇస్తారు, విండోస్ ఇన్‌స్టాలర్ ఇవ్వరు. సోర్స్ నుంచి కట్టుకోవాలంటే పెర్ల్, నాస్మ్, విజువల్ స్టూడియో అనే టూల్స్ కావాలి. ఎప్పుడైనా సెలవుల్లో చేసి చూడు, చాలా నేర్చుకుంటావు. ఇప్పటికి అవసరం లేదు. షైనింగ్ లైట్ ప్రొడక్షన్స్ అనే వాళ్లు ఎన్నో ఏళ్లుగా కంపైల్ చేసి ఇస్తున్నారు, ఎక్కువమంది వాడేది అదే. వాళ్ల సైట్ నుంచే తీసుకో. సెర్చ్‌లో పైన కనబడిన ప్రతి డౌన్‌లోడ్ బటన్‌నూ నమ్మకు. ఫైల్ దిగాక సర్ట్‌యుటిల్ కమాండ్‌తో దాని ఎస్‌హెచ్‌ఏ256 (ఫైల్‌కు వేలిముద్ర లాంటి కోడ్) చూసి, వాళ్లు ప్రకటించినదానితో పోల్చు. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైల్ తీసేయ్. అందులో ‘లైట్’ అని చిన్నది ఒకటి ఉంటుంది. సీ ప్రోగ్రామ్ రాసేదానివి కాబట్టి నీకు హెడర్ ఫైళ్లు కావాలి, పూర్తిదే తీసుకో.

వెర్షన్ విషయంలో పాత ట్యుటోరియల్స్ చూసి 1.1.1 ఎక్కించకు. దానికి అందరికీ ఇచ్చే సెక్యూరిటీ ఫిక్స్‌లు 2023 సెప్టెంబర్‌లోనే ఆగిపోయాయి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 3.5 ఎల్‌టీఎస్‌కు (ఎక్కువ కాలం ఫిక్స్‌లు ఇచ్చే వెర్షన్) 2030 ఏప్రిల్ వరకు వస్తాయి. నీ ప్రాజెక్టు అయ్యేదాకా నిశ్చింతగా ఉండవచ్చు.

ఇన్‌స్టాలర్ మధ్యలో ఒక ప్రశ్న అడుగుతుంది: డీఎల్‌ఎల్ ఫైళ్లు (ప్రోగ్రామ్‌లు పంచుకుని వాడే కోడ్ ఫైళ్లు) విండోస్ సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టనా, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బిన్ ఫోల్డర్‌లో పెట్టనా అని. బిన్ అనే చెప్పు. ఇక్కడ మాత్రం తొందరపడి నెక్స్ట్ కొట్టకు. చాలా ఏళ్ల కిందట ఒక క్లయింట్ ఆఫీసులో నేను సిస్టమ్ ఫోల్డర్ ఎంచుకున్నాను. అప్పట్లో ఆ ఫైల్ పేరు లిబ్‌ఈఏవై32. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ముందున్న ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవై రాసిన ఎరిక్ ఆండ్రూ యంగ్ పేరులోని పొడి అక్షరాలే ఆ ఈఏవై. వాళ్ల బిల్లింగ్ ప్రోగ్రామ్ అదే ఫోల్డర్‌లో, అదే పేరుతో ఉన్న పాత ఫైల్ మీద ఆధారపడి ఉంది. నేను పెట్టిన కొత్తది దాని స్థానంలోకి వచ్చేసింది. మర్నాడు పొద్దున బిల్లింగ్ తెరుచుకోలేదు. కౌంటర్ ముందు మనుషులు నిలబడి ఉన్నారు, ఏమైందో మాకు అంతుపట్టలేదు. సాయంత్రం అయింది కనిపెట్టడానికి. ఆ రోజు పడ్డ టెన్షన్ నువ్వు పడకూడదు.

ఇంకోసారి దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఇబ్బంది వచ్చింది. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ భద్రతా లోపం బయటపడింది కదా. అవతలివాళ్లు తమ సందేశానికి చెప్పిన పొడవు నిజమో కాదో చూసే చెక్ ఒకటి కోడ్‌లో లేదు. దానివల్ల అడిగిన ప్రతిసారీ 64 కిలోబైట్ల దాకా మెమరీ బయటికి పోయేది, అందులో పాస్‌వర్డ్‌లు, ప్రైవేట్ కీలు (ఎవరికీ చూపకూడని రహస్య తాళంచెవులు) కూడా ఉండవచ్చు. మేం ఆ రాత్రే సర్వర్లన్నీ సరిచేశాం. కానీ ఒక డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ తన ఫోల్డర్‌లో సొంత కాపీ పెట్టుకుని ఉందని మూడు వారాల తర్వాత తెలిసింది. మేం సరిచేసినది దాన్ని తాకనే లేదు. విడిగా ఉన్న కాపీని విడిగానే అప్‌డేట్ చెయ్యాలి. అందుకే నీ మెషీన్‌లో ఎన్ని కాపీలున్నాయో, ఏది ఎవరు తెచ్చారో ఒక నోట్‌లో రాసుకో.

ఎక్కించిన ఫోల్డర్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్ కిందే ఉంచు. అక్కడ మామూలు యూజర్ రాయలేడు, కాబట్టి సెట్టింగుల ఫైల్‌ను ఎవరూ తేలిగ్గా మార్చలేరు. తర్వాత ఆ బిన్ ఫోల్డర్‌ను పాత్‌లో (కమాండ్ల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) కలిపి, కమాండ్ ప్రాంప్ట్ మూసి మళ్లీ తెరువు. పాత విండోకు కొత్త పాత్ తెలియదు. అప్పుడు ‘వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్’ అని కొట్టు. ఒకటి కన్నా ఎక్కువ వరుసలు వస్తే, మొదటి వరుసలో ఉన్నదే నడుస్తుంది. పవర్‌షెల్‌లో అయితే వేర్ పక్కన డాట్ ఈఎక్స్‌ఈ కూడా రాయాలి, లేకపోతే అది ఇంకో కమాండ్ అనుకుని ఏమీ చూపించదు. గిట్ బాష్‌లో కొడితే గిట్ తెచ్చుకున్న కాపీ పలకవచ్చు, అది చూసి కంగారుపడకు. ఆ తర్వాత ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్’ అని కొట్టి, స్పేస్, హైఫన్ ఏ. వెర్షన్, కట్టిన తేదీ, సెట్టింగుల ఫోల్డర్ అన్నీ చూపిస్తుంది.

మీ సార్ ఇచ్చిన పాత పీఎఫ్‌ఎక్స్ ఫైల్ (సర్టిఫికెట్, ప్రైవేట్ కీ కలిపి ఉంచేది) తెరుచుకోకపోతే పాస్‌వర్డ్ తప్పేమోనని గంటలు పోగొట్టుకోకు. 3.0 నుంచి ఆర్‌సీ2 లాంటి పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతులను పక్కకు తీసి ‘లెగసీ’ అనే విడి భాగంలో పెట్టారు. ఆ ఫైల్ తెరిచే కమాండ్‌లో హైఫన్ లెగసీ అని చేర్చి చూడు.

వేర్, వెర్షన్ కమాండ్లు రెండింటికీ ఏం వచ్చిందో ఆదివారం లోపు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. తెర మీద ప్రైవేట్ కీ కనబడుతుంటే మాత్రం, నాకైనా సరే, ఆ ఫొటో పంపవద్దు.

ప్రేమతో,
పెదనాన్న