బిగుసుకుపోయిన ఎగ్జాస్ట్ స్టడ్‌లను విరగకుండా తీయడం ఎలా?

పాత ఇంజిన్‌లో స్టడ్‌ను (ఎగ్జాస్ట్ గొట్టాన్ని ఇంజిన్‌కు పట్టి ఉంచే, తల లేని మరబోల్టును) కదిలించేది బలం కాదు, వేడి. ముందురోజే పెనెట్రేటింగ్ ఆయిల్ (బిగుసుకున్న మరల సందుల్లోకి ఇంకే పలుచని నూనె) పట్టించి నాననివ్వండి. పనిలోకి దిగే ముందు దాన్ని శుభ్రంగా తుడిచేయండి, అది మండే పదార్థం. తర్వాత టార్చి మంటను స్టడ్ మీద కాకుండా చుట్టూ ఉన్న లోహం మీద తిప్పండి. స్టడ్ బిగించి ఉన్న ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, అల్యూమినియందైతే అది ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది. జాగ్రత్త కూడా అక్కడే కావాలి: స్వచ్ఛమైన అల్యూమినియమే 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, మిశ్రమలోహం ఇంకా ముందే. పైగా ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు.

ఇక స్టడ్ మీద రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి గట్టిగా బిగించి, లోపలి నట్టుకు స్పానర్ పెట్టి విప్పండి. కాస్త కదలగానే సంబరపడి ఒకే ఊపున తిప్పేయకండి. కొంచెం వదులు చేసి, మళ్లీ కొంచెం బిగించి, ఆయిల్ వేస్తూ ముందుకూ వెనక్కూ ఆడించండి.

విరిగితే? మొన కాస్త బయటికి ఉంటే దానిమీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించండి. ఆ వేడికే సగం పని అయిపోతుంది. లోపలే విరిగితే సరిగ్గా మధ్యలో, ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్‌తో తొలచాలి. ఆ రంధ్రంలోకి దించి విరిగిన ముక్కను తిప్పి తీసే స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్‌ను నేను పెద్దగా నమ్మను. అది గట్టిదే కానీ పెళుసు, లోపల విరిగిందంటే మామూలు డ్రిల్ దాన్ని కొరకలేదు.