హైదరాబాద్‌లో ఏ వైపు ఇల్లు చూసుకోవాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వార్షిక పరీక్షలు అయ్యాక ఊరు మారే కుటుంబాల నుంచి వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న అడుగుతున్నాయి: పిల్లలతో ఉండడానికి హైదరాబాద్‌లో ఏ ఏరియా మంచిది? ఎవరెవరు రోజూ ఎక్కడికి వెళ్లి రావాలో తెలియకుండా ఏరియా పేరు చెప్పడం కుదరదు. ఆ వివరాలు రాసి పంపినవారి ప్రశ్నలను ఈ సంచికకు తీసుకున్నాం.

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు: మావారికి నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం వచ్చింది. నాకు బ్యాంకులో హబ్సిగూడకు బదిలీ. బాబు మూడో తరగతి, పాప ఎనిమిదో తరగతి పూర్తి చేస్తున్నారు. బంధువులంతా మణికొండ, నల్లగండ్ల వైపే చూడమంటున్నారు. ఏం చేయమంటారు?

మీ ఇద్దరి ఆఫీసులూ నగరానికి చెరో కొసన ఉన్నాయి. మధ్యలో ఎక్కడో ఇల్లు తీసుకుంటే ఇద్దరికీ సమానంగా ఉంటుందనిపిస్తుంది. కానీ అప్పుడు పగలంతా పిల్లలకు దగ్గర్లో అమ్మానాన్నల్లో ఏ ఒక్కరూ ఉండరు. ‘బాబుకి జ్వరంగా ఉంది, వచ్చి తీసుకెళ్లండి’ అని బడి నుంచి ఫోన్ వస్తే ఇరవై నిమిషాల్లో చేరుకోగలిగేది ఎవరో ముందు తేల్చుకోండి. మీ ఉత్తరం చూస్తే అది మీరే. అందుకని తార్నాక, హబ్సిగూడ, నాచారం వైపు చూడమనే మా సలహా. బడి, ఇల్లు, మీ బ్యాంకు మూడూ నాలుగు కిలోమీటర్ల లోపు ఉండేలా చూసుకోండి.

మీవారికి దూరం తప్పదు, కానీ దారి నేరుగా ఉంది. నాగోలు–రాయదుర్గం మెట్రో లైను హబ్సిగూడ, తార్నాక మీదుగానే వెళ్తుంది. రైలు మారే పని లేదు. ప్రయాణం ముప్పావు గంట అటూఇటూగా ఉంటుంది. నాగోలులో బయల్దేరిన రైలు హబ్సిగూడకు వచ్చేసరికి ఇంకా నిండదు కాబట్టి పొద్దున సీటు దొరికే అవకాశం ఎక్కువ. అసలు రద్దీ సికింద్రాబాద్ నుంచి, ముఖ్యంగా అమీర్‌పేటలో మొదలవుతుంది. చిక్కల్లా రాయదుర్గంలో దిగాక ఆఫీసుకు చేరే చివరి ఐదారు కిలోమీటర్లతోనే. స్టేషన్ నుంచి కంపెనీ షటిల్ ఉందా, సాయంత్రం ఆఖరి షటిల్ ఎన్నింటికి అని ఉద్యోగంలో చేరకముందే హెచ్‌ఆర్‌ని అడిగించండి. షటిల్ లేకపోతే రోజూ రెండు పూటలా ఆటోకో క్యాబ్‌కో అయ్యే ఖర్చు లెక్కవేసి దాన్ని అద్దెలో కలిపి చూడండి. కారులో వెళ్తానంటే మాత్రం వద్దని చెప్పండి. ఆఫీసు వేళల్లో ఒక వైపుకే గంటన్నర పట్టే రోజులు తక్కువేం కాదు.

మణికొండ సలహా చెడ్డదేమీ కాదు. ఇద్దరికీ ఆ వైపే ఉద్యోగాలుంటే మేమూ అదే చెప్పేవాళ్లం. ఆ వైపు చూసేవారు ఒకటి గమనించాలి. కేపీహెచ్‌బీ, మియాపూర్‌లలో మెట్రో ఉంది కదా అని హైటెక్ సిటీ ఉద్యోగులు అక్కడ ఇల్లు తీసుకుంటారు. తీరా చూస్తే రైలు అమీర్‌పేట దాకా లోపలికి వెళ్తుంది, అక్కడ లైను మారి మళ్లీ పడమటికి రావాలి. రోడ్డు మీద దగ్గరి దారి ఉండగా ఆ చుట్టు ప్రయాణం ఎక్కువ రోజులు ఎవరూ చేయలేరు. అలాగే ‘త్వరలో ఇక్కడికీ మెట్రో వస్తుంది’ అన్న మాటకు ఇవాళ అద్దె ఎక్కువ ఇవ్వకండి. మీ పిల్లలు బడికి వెళ్లాల్సింది ఈ జూన్‌లో.

బడి విషయంలో ఫీజు కంటే ముందు ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిని కలిసి మీ వీధికి వచ్చే బస్సు రూటు షీటు చూడండి. బడి ఐదు కిలోమీటర్లే ఉన్నా, మీ ఇల్లు ఆ బస్సుకు మొదటి స్టాపు అయితే ఊరంతా తిరిగి బడికి చేరేది మీ బాబే. మూడో తరగతి పిల్లవాడు బస్సులో అరగంట, మహా అయితే నలభై నిమిషాలకు మించి కూర్చోకూడదు. పొద్దున మొదటి స్టాపైన పిల్లలు సాయంత్రం ఏ వరుసలో దిగుతారో కూడా అడగండి.

ఇల్లు చూడటానికి అందరూ ఆదివారం వెళ్తారు. ఆ రోజు రోడ్లన్నీ ఖాళీగా ఉండి దూరాలన్నీ దగ్గరగా అనిపిస్తాయి. మంగళ, బుధవారాల్లో పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర మధ్య ఒకసారి, సాయంత్రం ఆరున్నరకు ఒకసారి ఆ దారిలో వెళ్లి చూడండి. వీలుకాకపోతే ఫోన్‌లోని మ్యాపులో పనిరోజు ‘తొమ్మిదికల్లా చేరాలి’ అని సమయం పెట్టి వెతకండి. అది చూపే రెండు అంకెల్లో పెద్దదాన్నే నమ్మండి.

పాప గురించి మీరు అడగకపోయినా చెప్పాల్సిన విషయం ఒకటుంది. తెలంగాణలో వైద్య విద్య సీట్లకు స్థానికులుగా పరిగణించాలంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలని 2024లో నిబంధన తెచ్చారు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పాప ఎనిమిది పూర్తి చేసి తొమ్మిదిలో ఇక్కడ చేరితే లెక్క సరిపోతుంది. తొమ్మిది అక్కడ, పది ఇక్కడ అయితే రెండు రాష్ట్రాల్లోనూ చిక్కు రావచ్చు. మారేదేదో ఈ వేసవిలోనే మారండి. ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ పాత బడి నుంచి ఇప్పుడే తీసుకోండి, ఏళ్ల తర్వాత వెళ్తే దొరకబుచ్చుకోవడం కష్టం.

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు: బాచుపల్లి వైపు 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఇల్లు నచ్చింది. నీళ్లకు ఇబ్బంది లేదని ఓనరు అంటున్నారు. ఆ మాట ఎంతవరకు నమ్మొచ్చు?

ఓనరు చాలాసార్లు ఆ ఇంట్లో ఉండరు కాబట్టి ఆయనకు నిజంగానే తెలియకపోవచ్చు. వాచ్‌మన్‌కు తెలుస్తుంది, అసోసియేషన్ లెక్కల పుస్తకానికి ఇంకా బాగా తెలుస్తుంది. కిందటి ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లకు ఎంత కట్టారో ఆ పుస్తకంలో చూపించమనండి. చూపించడానికి వెనకాడితే అదే మీకు జవాబు.

లెక్క మీరే వేసుకోవచ్చు. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది నగర నీటి సరఫరాకు వాడే ప్రమాణం. 20 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మొత్తం 80 మంది. అంటే రోజుకు 10,800 లీటర్లు. వేసవిలో బోర్లు ఎండితే రోజుకొక 10,000 లీటర్ల ట్యాంకరు వచ్చినా చాలదన్నమాట. ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసి ఉందా, విడిగా పంచుతారా అన్నది అగ్రిమెంటులో రాయించండి. వేసవిలో గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

తర్వాత జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) బిల్లు అడగండి. దాని మీద క్యాన్ నంబరు, అంటే ఆ కనెక్షన్ ఖాతా నంబరు ఉంటుంది. అది లేదంటే ఆ భవనానికి మంజీరా కనెక్షన్ లేనట్టే, పూర్తిగా బోరు మీదా ట్యాంకర్ల మీదా నడుస్తోందని అర్థం. (నీళ్లు కృష్ణ నుంచి వచ్చినా గోదావరి నుంచి వచ్చినా ఇక్కడ అందరూ మంజీరా నీళ్లనే అంటారు.) ఉచిత నీటి పథకం వర్తించే చోట ఇంటికి నెలకు 20,000 లీటర్ల దాకా బిల్లు ఉండదు, కానీ కనెక్షన్‌కు పనిచేసే మీటరు, ఆధార్ అనుసంధానం ఉండాలి. చాలా కాలనీలకు రోజు విడిచి రోజు నీళ్లు వదులుతారు. ఏ రోజు, ఎన్ని గంటలకు వదులుతారో అడిగి, ఆ సమయానికి వెళ్లి సంపు మూత తీయించి చూడండి. వంటింట్లో కుళాయి తిప్పి చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే పైన ట్యాంకులో బోరు నీళ్లూ మంజీరా నీళ్లూ కలిసిపోయి ఉంటాయి. మంజీరాకు విడి ట్యాంకు, వంటింట్లో విడి కుళాయి ఉన్న భవనమైతే మేలు.

బోరు నీళ్లలో సున్నం ఎంతుందో బాత్‌రూమ్ చెబుతుంది. షవరు రంధ్రాల చుట్టూ తెల్లటి పొర, బకెట్ అడుగున సున్నంలాంటి పొక్కులు కనిపిస్తే గీజరు కాయిల్, వాషింగ్ మెషిన్ తొందరగా పాడవుతాయి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు వెంట తీసుకెళ్లండి. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని భారతీయ ప్రమాణం, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. అయితే టీడీఎస్ తక్కువ ఉన్నంత మాత్రాన నీళ్లు మంచివని కాదు. ఆ మీటరు క్రిములనూ ఫ్లోరైడ్‌నూ పట్టుకోలేదు. చంటిపిల్లలుంటే ల్యాబులో ఒకసారి పరీక్ష చేయించడం అవసరం.

ఆ వైపే చూస్తున్నారు కాబట్టి ఇంకొక మాట. నగర ఉత్తర, పడమర అంచుల్లో జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడలున్నాయి. పగలు గాలికి చెదిరిపోయే వాటి ఘాటు వాసన చలికాలపు రాత్రుల్లో నేలను అంటిపెట్టుకుని నిలిచిపోతుంది. రాత్రి పదింటికీ తెల్లవారుజామునా ఒకసారి బాల్కనీలో నిలబడి చూడండి. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలుంటే ఇది తప్పనిసరి. ఈశాన్యాన జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల ఇల్లు చూసేవారికీ ఇదే సలహా.

కర్నూలు నుంచి ఒక పాఠకురాలు: చెరువు కనిపించే ఇల్లు, అద్దె కూడా తక్కువ చెబుతున్నారు. వానాకాలం మునుగుతుందేమోనని మా అత్తగారి భయం.

మీ అత్తగారి భయంలో న్యాయం ఉంది. 2016 సెప్టెంబరులో నిజాంపేట భండారీ లేఅవుట్‌లో సెల్లార్లు నిండి కుటుంబాలు పై అంతస్తుల్లో చిక్కుకుపోయాయి. 2020 అక్టోబరులో టోలీచౌకి నదీమ్ కాలనీ దగ్గర్నుంచి ఉప్పల్, ఎల్బీనగర్ వైపు కాలనీల దాకా నీళ్లలో ఉన్నాయి, బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగింది. వాన ఎంత పెద్దదైనా, అలా మునిగిన చోట్లలో చాలావరకు చెరువు శిఖంలోనో (నీళ్లు నిలిచే నేల), పైచెరువు నుంచి కింది చెరువుకు నీళ్లు పారే దారిలోనో ఉన్నవే.

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు చేరే హద్దు. ఆ హద్దు దాటాక కూడా 25 ఎకరాలు, అంతకు పైబడిన చెరువులకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ జోన్, అంటే కట్టడాలు ఉండకూడని జాగా. చెరువుల పటాలు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వెబ్‌సైటులో గ్రామాల వారీగా ఉన్నాయి, ఇంటి సర్వే నంబరు అడిగి సరిచూసుకోండి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఇలాంటి కట్టడాల కూల్చివేతలు చూస్తూనే ఉన్నాం. అద్దెకున్నవారికి ఇల్లు పోదు కానీ అడ్వాన్సు చిక్కుకుంటుంది, సామాన్లతో రాత్రికి రాత్రి మారాల్సి వస్తుంది.

పటం చూడటం చేతకాకపోయినా గోడలు చూస్తే సగం తెలుస్తుంది. సెల్లార్‌లో స్విచ్‌బోర్డులు తలెత్తు పైన బిగించారా? నీళ్ల మోటారును సిమెంటు దిమ్మ కట్టి పైకి లేపారా? సెల్లార్ దారికి అడ్డంగా కొత్తగా గట్టులాంటి ఎత్తు కట్టారా? కాంపౌండు గోడ పొడవునా ఒకే మట్టాన చెమ్మ గీత ఉందా? ఇందులో రెండు కనిపించినా ఆ ఇల్లు వదిలేయండి. వీధి చివర ఇస్త్రీ బండి అతన్నీ, కిరాణా కొట్టువాళ్లనూ ‘ఇక్కడ నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయి?’ అని అడగండి. ‘వస్తాయా’ అని అడిగితే లేదంటారు. ‘ఎంత’ అని అడిగితే మోకాలో, నడుమో చేత్తో చూపిస్తారు. ఇంటికీ బడికీ మధ్య మూతలేని నాలా ఉంటే పిల్లలు నడిచి వెళ్లేందుకు వేరే దారి ఉందో లేదో చూడండి.

కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు: అమ్మానాన్నలను మాతో తీసుకెళ్తున్నాం. గేటెడ్ కమ్యూనిటీ మంచిదా, పాత కాలనీనా?

పిల్లలకు గేటెడ్ కమ్యూనిటీ సుఖం. బండ్ల భయం, వీధికుక్కల భయం తక్కువ, సాయంత్రం ఆడుకోవడానికి తోడు దొరుకుతుంది. పెద్దవాళ్లకు మాత్రం గుడి, కూరగాయల బండి, మందుల షాపు, పలకరించే మనుషులు నడక దూరంలో ఉండాలి. ఊరి చివర టవర్లలో పాలప్యాకెట్‌కు కూడా ఫోన్ మీద ఆధారపడాల్సి వస్తే ఆర్నెల్లకే ‘ఊరికి పంపించెయ్యి’ అంటారు. మీరు జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి కరీంనగర్ వెళ్లి వచ్చేవాళ్లు కాబట్టి సైనిక్‌పురి, ఏఎస్‌రావు నగర్ లాంటి పాత కాలనీలు ఒకసారి చూడండి. ఉద్యోగం పడమటి వైపైతే కేపీహెచ్‌బీ చూడొచ్చు.

గేటెడే అనుకుంటే అద్దెతో పాటు మెయింటెనెన్స్ లెక్కవేయండి. చదరపు అడుగుకు 3.50 రూపాయలు చెబితే 1,500 అడుగుల ఫ్లాటుకు నెలకు 5,250. కరెంటు పోతే లిఫ్టుకు జనరేటరు ఉందా, లిఫ్టులో స్ట్రెచరు పడుతుందా, రాత్రి రెండింటికి అంబులెన్సు గేటు దాటి బ్లాకు దాకా రాగలదా అని సెక్యూరిటీని అడగండి. కుదిరితే మొదటి రెండు అంతస్తుల్లోనే తీసుకోండి.

బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు: నవంబరులో బదిలీ రావచ్చు. పెద్దబ్బాయి సీబీఎస్‌ఈ పదో తరగతి, చిన్నమ్మాయి ఐదు.

పదో తరగతి పిల్లవాడిని మధ్యలో కదపకండి. పదిలో బడి మారడానికి బోర్డు అనుమతి కావాలి, దొరికినా నవంబరులో కొత్త బడి, కొత్త టీచర్లు వాడికి భారం. పరీక్షలయ్యేదాకా ఒకరు పిల్లలతో అక్కడే ఉండి, ఉద్యోగం మారినవారు ఇక్కడ చిన్న గదిలో ఉంటూ ఇల్లు వెతకడమే మేలు. చిన్నమ్మాయికి టీసీతో పాటు పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత నంబరు) రాయించుకోండి. పాత బడివాళ్లు విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ యూడైస్ పోర్టల్‌లో పాప పేరును డ్రాప్‌బాక్స్‌లోకి (బడి వదిలిన పిల్లల జాబితా) వదిలితేనే కొత్త బడివాళ్లు తమ జాబితాలోకి తీసుకోగలరు. టీసీ ఇచ్చి ఈ పని మరిచిపోయే బడులు చాలానే ఉన్నాయి, బెంగళూరు వదలకముందే ఆఫీసులో కూర్చుని చేయించుకోండి.