జ్వరం సిరప్ సీసా మీద 120 ఉందా, 250 ఉందా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాబుకి రెండున్నరేళ్లు, 12 కిలోలుంటాడు. మొన్న మూడ్రోజులు 102, 103 జ్వరం. పారాసెటమాల్ సిరప్ చెంచాడు పోస్తే కాస్త దిగేది, నాలుగైదు గంటలకి మళ్లీ మొదలు. అత్తయ్యేమో దుప్పట్లు కప్పమంటారు, మా ఆయనేమో ఐస్ నీళ్లతో తుడవమంటారు. తలకెక్కి ఫిట్స్ వస్తాయేమోనని రాత్రుళ్లు నిద్రే లేదండీ. మళ్లీ వస్తే ఏం చెయ్యాలి? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: చెంచాడు అన్నారు, ఏ చెంచాతో అమ్మా? ముందు ఆ సీసా తీసి చూడండి, 5 ఎంఎల్‌కి 120 మిల్లీగ్రాముల మందు అని ఉంటుంది, లేదా 250 అని ఉంటుంది. డోసు లెక్క వయసుని బట్టి కాదు, బరువుని బట్టి, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే మీ వాడికి 120 నుంచి 180. 120 సీసా అయితే 5 నుంచి ఏడున్నర ఎంఎల్, 250 సీసా అయితే రెండున్నర నుంచి మూడున్నర చాలు, అందులోంచి 5 పోశారంటే ఎక్కువైనట్టే. వంటింటి చెంచా పక్కన పెట్టేసి సీసాతో వచ్చిన కొలత కప్పు వాడండి. డోసుకీ డోసుకీ మధ్య కనీసం 4 గంటలు, రోజుకి 4 సార్లు మించొద్దు.

ఇక మళ్లీ ఎందుకొస్తోందంటే, ఆ మందు జ్వరం తెచ్చిన వైరస్‌ని చంపదు, పిల్లాడికి కాసేపు ఒళ్లు తేలిక చేస్తుందంతే. 103కి మెదడు పాడవదు. ఫిట్స్ ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో వందలో ఇద్దరి నుంచి ఐదుగురికి వస్తాయి, చూస్తే గుండె ఆగినంత పనవుతుంది నిజమే, కానీ చాలావరకు ఐదు నిమిషాల్లోపే ఆగిపోతాయి. పక్కకి తిప్పి పడుకోబెట్టి టైం చూసుకోండి, నోట్లో ఏమీ పెట్టకండి, తాళాల గుత్తి చేతిలో పెట్టినా ఒరిగేదేం లేదు. ఆగగానే ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఐదు నిమిషాలు దాటితే మాత్రం ఆగేదాకా చూడకుండా 108కి ఫోన్ చెయ్యండి.

దుప్పట్లూ వద్దు, ఐస్ నీళ్లూ వద్దు (ఇంట్లో ఇద్దరికీ నా మాటగా చెప్పండి), చన్నీళ్లకి వణుకు పుట్టి ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది. పల్చటి కాటన్ బట్టలు వేసి మంచినీళ్లు, మజ్జిగ, గంజి, వాడు ఏది తాగితే అది పట్టండి, లంఖణం పిల్లలకి కాదు.

మెడికల్ షాపులో అడిగి ఇబుప్రొఫెనో మెఫెనమిక్ యాసిడో ఉన్న జ్వరం మందు మాత్రం తేకండి, డెంగీ అయితే రక్తస్రావం ప్రమాదం ఉంటుంది. డెంగీలో ఇంకో చిక్కు, జ్వరం దిగాకే అసలు గండం. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు జ్వరం పోయి కడుపునొప్పి, ఆగని వాంతులు, చేతులు చల్లబడటం ఉంటే అర్ధరాత్రయినా బయల్దేరండి. జ్వరం దిగాక కూడా మగతగా ఉన్నా, ఆయాసపడుతున్నా, ఆరేడు గంటలు మూత్రం పోయకపోయినా అంతే.